మీకు తెలుసా? పాటలో సగానికి పైగా రాయే!

తాతల కాలపు గ్రామఫోన్ రికార్డులో లక్క కంటే రాతిపొడే ఎక్కువ; పలకరాయినో సున్నపురాయినో మెత్తగా నూరి కలిపేవారు.

లక్క రికార్డు అన్న పేరే విన్నవారికి ఇది నమ్మబుద్ధి కాదు. కానీ నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ బిళ్లలో లక్క సుమారు మూడో వంతే, పొడిని పట్టి ఉంచే బంకగా. ఆ రాతిపొడి గుణం బడిపలకదే: పలక మీద రాస్తే అరిగేది బలపమే. రికార్డు మీదా ఉక్కు ముల్లు గాడికి సరిపడేలా అరిగేది ఈ గరుకు వల్లే. అందుకే ఒక్కో వైపుకూ కొత్త ముల్లు పెట్టేవారు. రాయి కలిస్తే గొంతు చెడదా అంటే, కొంత చెడుతుంది. పాట వెనక ఎడతెగని బుసబుసలో చాలా భాగం ఆ పొడిదే. అయినా 1902లో కలకత్తాలో పాడిన గౌహర్ జాన్, ఆరేళ్లకే రికార్డు ఇచ్చిన మన రావు బాలసరస్వతీదేవి లాంటి తొలితరం గొంతులను మోసింది ఈ రాతిపొడే. రికార్డు చేజారితే పలకలాగే పగులుతుంది. అటక మీద ఒక్కటి దొరికినా పడుకోబెట్టకండి, నిలబెట్టి దాచండి.