గర్భిణి దిగులు - గర్భస్థ శిశువు మెదడు



ప్రహ్లాదుని కథ వినని యిల్లాలు మనలో నుండదు. తల్లి లీలావతి గర్భమున నుండగనే యాతడు నారదుని యుపదేశము వినెనని చెప్పుకొందుము. అయితే ఆ కథలో అంతకుముందు జరిగిన యొక సంగతిని మనము తరచుగ మరచుచుందుము. హిరణ్యకశిపుడు తపమునకు పోయినవేళ ఇంద్రుడు లీలావతిని చెరపట్టి కొనిపోవుచుండగా, నారదుడు అడ్డపడి విడిపించెను. ఆమెను తన యాశ్రమమునకు తోడ్కొనిపోయి, భర్త మరలి వచ్చుదాక అచ్చట నిర్భయముగ నుండుమనెను. ఉపదేశము తరువాతి మాట. ముందుగ నిచ్చినది అభయము. గర్భిణుల మనఃస్థితికిని, శిశువుల మెదడు పెరుగుదలకును గల సంబంధమును గూర్చి శాస్త్రజ్ఞులు చేయుచున్న పరిశోధనలను చదివినప్పుడు నాకు ఈ కథయే జ్ఞప్తికి వచ్చినది.

"అది వట్టి మనిషి కాదు, దాని మనసు కష్టపెట్టకుడు" అని మన యిండ్లలో పెద్దవారు మందలించుట వాడుక. అనుభవము పలికించిన మాట యిది. కాని శాస్త్రమునకు అనుభవ మొక్కటే చాలదు. దిగులుతో నున్న తల్లికి పుట్టిన బిడ్డ మాటలు ఆలస్యముగ నేర్చినచో, దానికి కారణము దిగులా, పేదరికమా, తల్లినుండి సంక్రమించిన స్వభావమా? తేల్చుట కష్టము. పరీక్షకొరకు గర్భిణులను బాధించుట ధర్మము గాదు. మనుష్యులు చేయరాని యీ పరీక్షను 1998 వ సంవత్సరమున ప్రకృతియే చేసినది.

ఆ యేడు జనవరి నెలలో కెనడా దేశమందలి క్విబెక్ రాష్ట్రమున పలు దినములు గడ్డకట్టెడు వాన కురిసినది. చినుకు పడినచోటనే మంచై బిగిసికొనుటచే, ఆ బరువునకు విద్యుత్ స్తంభములు కూలిపోయినవి. నడి చలికాలమున ముప్పది లక్షలకు పైబడిన జనులకు దీపమును, వెచ్చదనమును కరవైనవి. కొందరికి కొన్ని గంటలలోనే విద్యుత్తు తిరిగి వచ్చెను. కొందరికి అయిదు వారములు దాటినను రాలేదు. ఎవరి యిల్లు ఎన్నాళ్లు చీకటిలో నుండవలెనో నిర్ణయించినది వారి గుణము గాదు, ధైర్యాధైర్యములు గావు, కేవలము కాకతాళీయము. సుజాన్ కింగ్ అను పరిశోధకురాలు ఈ యంశమును గ్రహించి, ఆ సమయమున గర్భవతులుగ నున్న స్త్రీలను, పిమ్మట కొలది నెలలలో గర్భము ధరించినవారిని వెదకి, వారనుభవించిన కష్టములను వివరముగ వ్రాసికొని, వారి బిడ్డలను ఏండ్ల తరబడి పరీక్షించుచు వచ్చెను.

ఎక్కువ కష్టమునకు లోనైన తల్లుల బిడ్డలు, స్వల్పకష్టముతో గట్టెక్కిన తల్లుల బిడ్డలకంటె, రెండవ యేటను, అయిదున్నర యేండ్ల ప్రాయమునను బుద్ధిపరీక్షలలోను, మాటల నేర్పులోను కొంత వెనుకబడియుండిరి. విశేషమేమనగా, "నేనెంత బెదరితిని" అని తల్లి చెప్పుకొన్న లెక్కతో ఈ తేడా పొసగలేదు. దీపము లేక గడపిన దినములు, ఇల్లు విడిచిపోవలసి వచ్చుట మొదలగు కష్టముల లెక్కతో పొసగినది. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. దీని యవసరము ముందు కలదు.

తల్లి కష్టము బిడ్డకెట్లు చేరును? తల్లి నరములు బిడ్డ నరములతో కలసియుండవు. ఇద్దరి నడుమ నున్నది మావి. మనసు కలతపడినప్పుడు తల్లి నెత్తురులో కార్టిసాల్ అను రసము హెచ్చును. ఇది విషము గాదు. నెలలు నిండువేళ బిడ్డ ఊపిరితిత్తులు పక్వమగుట కిది కావలసినదే. కాని మోతాదు మించరాదు. అందులకై మావిలో నొక కావలి కలదు. అది యొక ఎంజైము. తల్లి నుండి వచ్చు కార్టిసాల్‌లో అధికభాగమును నిర్వీర్యము చేసి విడుచును. మిక్కిలి యాందోళనతో నున్న గర్భిణుల మావిలో ఈ కావలి సన్నగిల్లుచున్నదని లండనులోని పరిశోధకులు 2012 లో ప్రకటించిరి. ఇదియొక్కటే మార్గమని చెప్పరాదు. నిద్రలేమియు, అన్నము సహింపకపోవుటయు దీనికి తోడగును. గర్భస్థ శిశువు మెదడు మాత్రము ఎవరికొరకును ఆగదు. నాలుగవ వారమునకే దానికి మూలమైన గొట్టము మూసికొనును. నెలలు నిండునాటికి నాడీకణములు ఇంచుమించుగ నన్నియు నేర్పడియుండును.

ఇట్టి ప్రభావమును మెదడునందే కన్నులార చూడవచ్చునా యని సింగపూరు పరిశోధకులు ప్రయత్నించిరి. 2009, 2010 సంవత్సరములలో అచ్చట పండ్రెండువందలకు పైగా గర్భవతులను పరిశోధనలో చేర్చుకొనిరి. వారిలో చీనా, మలయా స్త్రీలతోపాటు మన భారత సంతతివారును కలరు. ఇరువదియారవ వారమున తల్లుల మనఃస్థితిని ప్రశ్నలచే తెలిసికొనిరి. పుట్టిన రెండు వారములలోపల, శిశువులు సహజముగ నిదురించుచుండగా కొందరి మెదళ్లను ఎమ్మారై యంత్రముతో చిత్రించిరి. దిగులు ఎక్కువగ నున్న తల్లుల శిశువులలో, భయాదులకు సంబంధించిన అమిగ్డలా యను చిన్న భాగము నిర్మాణమున కొంత తేడా యప్పటికే కనబడినది. జ్ఞాపకశక్తికి ముఖ్యమైన హిప్పొకాంపస్ అను భాగము పుట్టినప్పుడు అందరిలోను సమానముగనే యుండెను గాని, ఆందోళనపడిన తల్లుల బిడ్డలలో మొదటి యారు నెలలును నెమ్మదిగ పెరిగినది.

ఇంతవరకు చదివి కడుపుతో నున్న సోదరి యెవరైన గుండె పట్టుకొనినచో, ఈ క్రింది మాటలు ఆమెకొరకే. ఇంగ్లండులో ఏవన్ ప్రాంతమున 1991, 1992 సంవత్సరములలో సుమారు పదునాలుగువేల గర్భిణులతో ఆరంభమైన పరిశోధనలో, మిక్కిలి యాందోళనపడిన తల్లుల బిడ్డలకు నాలుగవ యేట నడవడి చిక్కులు కలుగు నవకాశము ఇంచుమించు రెండింతలుగ కనబడినది. ఐనను అట్టి తల్లుల బిడ్డలలో సైతము అధికసంఖ్యాకులు చక్కగనే యుండిరి. మరియు 2010 లో కార్డిఫ్ పండితులు, దానముగ పొందిన అండముచే గర్భము ధరించిన తల్లులను, స్వీయాండముచే ధరించిన తల్లులను పోల్చిచూచి, బిడ్డల చపలచిత్తమునకు గర్భకాలపు కలతకంటె తల్లినుండి వచ్చిన వంశగుణమే కారణముగ నున్నదని తెలిపిరి. అన్నిటికిని తల్లి దిగులే మూలమనుట తప్పు. పుట్టిన పిదప లభించు లాలనచే మెదడు మరల దిద్దుకొనుచునే యుండును. ఒకనాటి కన్నీరు బిడ్డ నుదుటివ్రాత గాదు.

ఇప్పుడు క్విబెక్ సంగతిని మరల తలచుకొందము. అచ్చట లెక్కకు వచ్చినది తల్లిని చుట్టుముట్టిన కష్టము. అట్లయిన "నీవు సంతోషముగ నుండుము, లేకున్న బిడ్డకు హాని" అని గర్భిణినే గద్దించుట యేమి న్యాయము? చీకటియింట కూర్చున్న స్త్రీకి ధైర్యము బోధించుటకంటె దీపము వెలిగించుట మేలు. మన దేశమున ఆ చీకటి యెట్టిదో 2002 లో ప్రకటితమైన గోవా పరిశోధన చూపినది. ప్రసవమైన ఆరు మొదలు ఎనిమిది వారములలో నూటికి ఇరువదిమువ్వురు తల్లులు మనోవ్యాధికి లోనైరి. వారిలో అధికులు గర్భముతో నున్నప్పుడే బాధపడుచుండిరి. పేదరికము, భర్తతో పొందిక లేకపోవుట, ఆడబిడ్డ కలుగుట - ఇవి కారణములలో ముఖ్యములు. ఈ మూడింటిలో మొదటిదానికి దేశమంతయు పూనుకొనవలెను. తక్కిన రెండును మన గడపలోపల, మన నాలుకమీద నున్నవి.

దీపము వెలిగించుట సాధ్యమే. పాకిస్తానమున రావల్పిండి పల్లెలలో గ్రామారోగ్య సేవికలకు కొలది శిక్షణ మిచ్చి, దిగులుతో నున్న గర్భిణుల యిండ్లకు పంపిరి. వారు వైద్యురాండ్రు గారు. మాటలాడుచు, వినుచు, ఇంటివారిని గూడ కలుపుకొనుచు, ప్రసవమైన పదవ నెలవరకు వచ్చి పోవుచుండిరి. 2008 లో ప్రకటించిన ఫలితమేమనగా, ప్రసవానంతరము ఆరవ నెలకు ఇట్టి సాయము పొందినవారిలో నూటికి ఇరువదిమువ్వురు మాత్రమే దిగులుతో మిగిలిరి, పొందనివారిలో ఏబదిమువ్వురు. సాయము పొందిన యిండ్లలో బిడ్డలకు అతిసారము తగ్గినది. తల్లిదండ్రులిరువురును బిడ్డలతో ఆడుకొనుట హెచ్చినది.

కావున మన యింట కోడలుగాని, కూతురుగాని రెండు వారములకు మించి విచారముగ నుండి, నిద్రాహారములు మాని, "ఈ బ్రతుకేల" యని పలుకుచున్నచో, అది గర్భిణులకు సహజమని త్రోసిపుచ్చరాదు. నెలనెలా చూచు వైద్యురాలికి ఆ సంగతియు చెప్పవలెను. అదివరకే మనోవ్యాధికి మందు వాడుచున్నవారు వైద్యుల నడుగక మానరాదు. టెలిమానస్ వారి 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో రేయింబవళ్లు తెలుగులో ఉచితముగ మాటలాడుదురు.

సీమంతమునాడు గాజులు తొడుగుదుము, పసుపుకుంకుమ లిత్తుము. మంచిదే. దానితోపాటు అత్తగారు ఒక బరువు పని తప్పించినను, భర్త సాయంకాలము ఒక గడియ కూర్చుండి ఆమె మాట వినినను, "ఆడైన నేమి, మగైన నేమి" యని ఇంటిపెద్ద ఒక్కమారు నోరార అనినను, నారదు డిచ్చిన యభయమును మనమును ఇచ్చినవార మగుదుము.