గైడు కూడా రచనే

మొన్న హన్మకొండ వెళ్లినప్పుడు చిన్ననాటి మిత్రుడొకడు నా సంచీలోంచి రెండు పుస్తకాలు తీసి తిరగేశాడు. "ఇవి గైడ్లే గదరా! ఇంత దూరం మోసుకొచ్చినవా?" అని నవ్వాడు. అతను ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పినవాడు. గైడు అనే మాట వింటే అతనికి గుర్తొచ్చేది పరీక్షకు పదిరోజుల ముందు కుర్రాళ్లు కొనే బజారు నోట్సు. పాఠం చదవకుండానే గట్టెక్కించేది, పద్యాన్ని సందర్భం, సారాంశం అని రెండు ముక్కలు చేసి చేతిలో పెట్టేది. అలాంటి సరుకును ఒక సాహిత్య విద్యార్థి ఇరవై ఏళ్లుగా సేకరించడం, అంతటితో ఊరుకోక సమీక్షలు కూడా రాయడం అతనికి విడ్డూరంగా తోచింది. అతనికి జవాబు చెబుదామని ఈ వ్యాసం మొదలుపెట్టాను. రాస్తూ ఉంటే నేనే తేల్చుకోవలసిన సంగతులు కొన్ని బయటపడ్డాయి.

ముందుగా, ఈ గైడ్లంటే ఏమిటో తెలియనివారి కోసం రెండు మాటలు. వీడియో గేమ్ అనేది కథ, లెక్క, చేతివాటం కలిసిన వస్తువు. ఆడేవాడు ఒకచోట చిక్కుకుపోతాడు. తలుపు తెరుచుకోదు, శత్రువు చావడు, దారి కనపడదు. అప్పుడు దారి చూపించే పుస్తకం గైడు. అందులో పటాలుంటాయి, పట్టికలుంటాయి, అడుగడుగునా ఏం చేయాలో వచనంలో రాసి ఉంటుంది. అమెరికాలో 1980ల తొలినాళ్ల నుంచి 2010ల చివరిదాకా ఇవి పుస్తకాల షాపుల్లో ప్రత్యేకంగా ఒక అల్మరా నిండా ఉండేవి. కాలిఫోర్నియాలో 1990లో మొదలైన ప్రిమా, ఇండియానాపొలిస్‌లో 1993లో మొదలైన బ్రాడీగేమ్స్ ఈ వ్యాపారంలో పెద్ద పేర్లు. 2015లో రెండూ ఒకటయ్యాయి. 2018 నవంబరులో మూసివేత ప్రకటించారు, మరుసటి సంవత్సరంతో ఆ పని ముగిసింది.

న్యూజెర్సీలో మేముండే ఊరి గ్రంథాలయం ఏటా పాత పుస్తకాలను అమ్మేది. అక్కడ యాభై సెంట్లకు కొన్నదే నా మొదటి గైడు. నేను ఆ ఆట ఆడింది లేదు. పుస్తకం అంచుల్లో ఎవరో పిల్లవాడు పెన్సిలుతో పెట్టిన గుర్తులున్నాయి. ఒక పేజీలో "తప్పు" అని రాసి రెండుసార్లు గీత గీశాడు. అచ్చయిన పుస్తకంతో పదేళ్లవాడు అంత ధైర్యంగా తగాదా పడటం నాకు నచ్చింది. మన పాఠ్యపుస్తకాల అంచుల్లో అర్థాలు రాసుకున్నాం గానీ, తప్పు అని రాయగలిగామా?

ఇక్కడ ఒక ఆత్మవిమర్శ చేసుకోవాలి. సేకర్తలు తమలో తాము నడుపుకునే ఒక చిన్న ఇంగ్లీషు పత్రికకు నేను మొదట్లో రాసిన సమీక్షలన్నీ పైపై చూపులే. కాగితం బాగుంది, రంగులు బాగున్నాయి, పటాలు స్పష్టంగా ఉన్నాయి. మన పత్రికల్లో "ముద్రణ కన్నుల పండువుగా ఉంది" అని ముగించే పుస్తక సమీక్షకులను ఎద్దేవా చేసినవాణ్ణి నేనే అదే పని చేశాను. నేను మెచ్చుకున్న ఒక గైడు గురించి ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. మూడో అధ్యాయంలోని పటంలో ఉన్న తలుపు ఆటలో లేదట. నేను ఆట తెచ్చి, రెండు వారాలు కూర్చుని ఆడి చూశాను. నిజంగానే లేదు.

ఆ లేని తలుపు నాకు చాలా నేర్పింది. ఆట, గైడు ఒకే రోజున అంగడికి రావాలి. ఆట కొన్న మొదటి వారంలోనే గైడు అమ్ముడవుతుంది, తర్వాత అడిగేవాడుండడు. అంచేత గైడు రాసేవాడికి దొరికేది పూర్తికాని ఆట. దాన్ని పట్టుకుని కొద్ది వారాల్లో, రాత్రింబవళ్లు ఆడుతూ రాయాలి. పుస్తకం అచ్చుకు వెళ్లాక ఆట తయారుచేసేవాళ్లు ఒక గోడ మారుస్తారు, ఒక తలుపు తీసేస్తారు. పుస్తకంలో మాత్రం అది ఉండిపోతుంది. దాన్ని రచయిత అజాగ్రత్త అని కొట్టిపారేస్తే విమర్శ సగంలో ఆగిపోయినట్టే. ఆ తప్పు వెనక గడువు ఉంది, గడువు వెనక మార్కెట్టు ఉంది. రాసినవాడి పేరు చాలాసార్లు లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అట్టమీద పెద్దగా ఉండేది "అధికారిక" అనే ముద్ర. ఆట కంపెనీ దగ్గర అనుమతి కొనుక్కున్నారని దాని అర్థం. ఆ అనుమతితో బొమ్మలు వస్తాయి, ఆట ముందుగా చేతికొస్తుంది. ఆట బాగాలేదన్న మాట మాత్రం అందులో దొరకదు.

గైడును రచనగా చూడటానికి నాకు దారి చూపించింది మరో పాత చిన్న పుస్తకం. 1979లో మసాచుసెట్స్‌లో ఎం.ఐ.టి.కి చెందిన కొందరు ఇన్ఫోకామ్ అనే కంపెనీ పెట్టారు. వాళ్ల తొలి ఆటల్లో బొమ్మలుండవు. తెరమీద వచనం కనిపిస్తుంది, ఆడేవాడు కూడా మాటలే టైపు చేయాలి. "జోర్క్" వీటిలో పేరుపొందింది. చిక్కుకుపోయినవాళ్లు సాయం కోరుతూ ఉత్తరాలు రాసేవారు. మైక్ డోర్న్‌బ్రూక్ అనే యువకుడు వాటికి జవాబులిచ్చేవాడు. ఉత్తరాలు పెరిగిపోయేసరికి 1982లో అతను ఒక ఉపాయం చేశాడు. ప్రశ్న మామూలు సిరాతో, జవాబు కంటికి కనపడని సిరాతో అచ్చువేయించాడు. పుస్తకంతో పాటు ఇచ్చే ప్రత్యేకమైన పెన్నుతో రుద్దితే అక్షరాలు బయటికొస్తాయి. వీటికి "ఇన్విజిక్లూస్" అని పేరు.

ఉపాయం సిరాలో లేదు, క్రమంలో ఉంది. ఒక ప్రశ్న కింద మూడో నాలుగో జవాబులుంటాయి. మొదటిది నీ ఆలోచనను కొంచెం పక్కకు తిప్పుతుంది. రెండోది ఇంకాస్త దగ్గరికి తెస్తుంది. చివరిది విప్పి చెప్పేస్తుంది. ఎక్కడ ఆగాలో చదివేవాడి ఇష్టం. మా అమ్మమ్మ పొడుపు కథ విప్పే పద్ధతి ఇదే. మేం తెల్లమొహం వేస్తే వెంటనే చెప్పేది కాదు. "ఇంట్లో ఉంటది" అనేది. కాసేపాగి "వంటింట్లో ఉంటది" అనేది. మేం పూర్తిగా ఓడిపోయామని ఒప్పుకున్నాకే విప్పేది. ఇన్విజిక్లూస్‌లో ఇంకో తమాషా ఉంది. ప్రశ్నల జాబితా చదివితేనే ఆటలో ఏమున్నాయో తెలిసిపోతుంది కదా! అందుకని ఆటలో లేనేలేని వాటి గురించి కూడా దొంగ ప్రశ్నలు కలిపారు. పాఠకుడి అనుభవాన్ని కాపాడటానికి రచయిత ఇంత శ్రద్ధ తీసుకోవడం నేను మంచి కథల్లో చూశాను, సాహిత్య విమర్శలో తక్కువగా చూశాను. కథ ముగింపును మొదటి పేరాలోనే బయటపెట్టే మన ముందుమాటలు ఎన్నిటిని చూపమంటారు?

పరీక్ష గైడుకూ మంచి ఆట గైడుకూ తేడా ఇక్కడే ఉంది. ఒకటి జవాబు ఇచ్చి పాఠకుణ్ణి పంపించేస్తుంది. రెండోది అతన్ని మళ్లీ ఆటలోకి పంపిస్తుంది. ఈ తేడా తెలిశాక నా సమీక్షలు మారాయి. గైడు పక్కన పెట్టుకుని ఆట ఆడకుండా ఇప్పుడు ఒక్క వాక్యం రాయను. ఏ నొక్కు తర్వాత ఏ నొక్కు అని ఏకరువు పెట్టే పుస్తకమా, ఆ గదిని కట్టినవాడి ఆలోచనను పట్టి ఇచ్చే పుస్తకమా అని ముందు చూస్తాను. అక్షరక్రమ సూచిక, పటం మీది గుర్తులు, పేజీ విరుపులు వగైరా తర్వాతి సంగతి.

జపాన్ అనుభవం వేరు. 1984లో నామ్కో కంపెనీ "డ్రూగా గోపురం" అనే ఆటను ఆటశాలల్లో పెట్టింది. అరవై అంతస్తులు. ప్రతి అంతస్తులో ఏదో ఒక విచిత్రమైన పని చేస్తే తప్ప నిధిపెట్టె కనపడదు. ఆ పని ఏమిటో ఆట చెప్పదు. ఒంటరిగా ఎవడూ గెలవలేడు. ఆటగాళ్లు ఆటశాలల్లో నోటు పుస్తకాలు పెట్టి, తెలిసింది తెలిసినవాడు రాస్తూ పోయారు. అంతకు ముందే, 1983లో, సతోషి తజిరి అనే కుర్రాడు "గేమ్ ఫ్రీక్" అని చేతిరాతతో ఒక పత్రిక తీశాడు. కాగితాలకు పిన్నులు కొట్టి, ఆటల్లో గెలిచే కిటుకులు రాసి అమ్మాడు. మన ఊళ్లలో కుర్రాళ్లు తీసిన లిఖిత పత్రికలకు అది దాయాదే. ఆ పేరే తర్వాత కంపెనీ పేరైంది. 1996లో "పోకెమాన్" తయారుచేసింది వాళ్లే. ఇక "సూపర్ మారియో బ్రదర్స్" మీద తొకుమా షోతెన్ వేసిన గైడు 1985లో జపాన్‌లో అన్ని పుస్తకాల కంటే ఎక్కువ అమ్ముడైంది. నవలలు, రాజకీయ గ్రంథాలు అన్నీ దాని వెనకే. నోటు పుస్తకంలో ఉమ్మడిగా ఉన్న జ్ఞానం రెండేళ్లలో ఎంత లాభసాటి సరుకైందో చూడండి.

సరుకయ్యాక ఏమవుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2000లో "ఫైనల్ ఫాంటసీ" తొమ్మిదో ఆటకు బ్రాడీగేమ్స్ వేసిన అధికారిక గైడు. దాన్ని డబ్బిచ్చి కొన్నవాడికి ముఖ్యమైనచోటల్లా ఒక సంకేతపదం కనిపిస్తుంది. అసలు సంగతి కావాలంటే ఆ పదాన్ని ఆట కంపెనీ ఇంటర్నెట్‌లో నడిపే ప్లేఆన్‌లైన్‌లో టైపు చేసి చదువుకోవాలట! పుస్తకం తనలోని జ్ఞానాన్ని తానే బయటపెట్టి తాళం వేసింది. ఆ సంకేతపదాలకు బదులు పలికే చోటు ఎప్పుడో పోయింది. పుస్తకం మాత్రం నా అల్మరాలో ఉంది. దీనికి ఉపయోగపు విలువ సున్నా, సేకర్తల్లో మారకపు విలువ ఉంది.

అలాగని డబ్బుకు రాసినదంతా చెత్త అనను. 1982లో బ్రిటిష్ నవలాకారుడు మార్టిన్ ఏమిస్ ఆటశాలల మీద ఒక పుస్తకం రాశాడు. పేరు "ఇన్వేజన్ ఆఫ్ ది స్పేస్ ఇన్వేడర్స్". సినిమా దర్శకుడు స్పీల్‌బర్గ్ ముందుమాట. సగం వ్యసనం కథ, సగం యుద్ధ తంత్రాలు. చాలాకాలం ఏమిస్ ఆ పుస్తకాన్ని గురించి మాట్లాడటానికే ఇష్టపడలేదు. 2018లో మళ్లీ అచ్చయ్యేదాకా అది దొరకడమే గగనం. రచయితలు తమ గైడ్లను చూసి సిగ్గుపడటం ఒక్క మన దేశపు జబ్బు కాదు. 1995లో అమెరికాలో "ఎర్త్‌బౌండ్" ఆటతో పాటే పెట్టెలో ఇచ్చిన గైడు ఇంకో రకం. ఊహా పట్టణాలకు యాత్రికుల దర్శిని లాగా, ఆ పట్టణాల వార్తాపత్రికలతో సహా తయారుచేశారు. ఆట ఆడకపోయినా చదువుకోవచ్చు. నా దగ్గరున్న వాటిలో ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే మనసు ఒప్పనిది అదొక్కటే.

ఈలోగా నోటు పుస్తకం చావలేదు. 1995 నుంచి గేమ్‌ఫాక్స్ అనే చోట ఔత్సాహికులు రాసిన గైడ్లు పోగవసాగాయి. బొమ్మల్లేని ఉత్తి అక్షరాలు. పటం కావాలంటే గీతలు, చుక్కలు, బ్రాకెట్లు పేర్చి అక్షరాలతోనే గీసేవారు. ఒక్కొక్కటి నవలంత పొడుగు. రాసినవారికి పైసా రాదు. నేను వీటిని కూడా సమీక్షిస్తే, అచ్చు పుస్తకాల సేకర్తలు కొందరు ముఖం చిట్లించారు. కానీ వీటి చివరి పేజీలు చూడండి. ఫలానా చోట నేను రాసింది తప్పని ఫలానావారు చెప్పారు, సరిదిద్దాను అని తేదీలతో సహా ఉంటుంది. అచ్చు గైడులోని లేని తలుపు ఎప్పటికీ అలాగే ఉండిపోయింది. ఇక్కడైతే వారంలో తీసేసేవారు. అచ్చు గైడ్ల వ్యాపారాన్ని దెబ్బతీసినవాటిలో ఇవి మొదటివి. ఆడి చూపించే వీడియోలు, అమ్మిన తర్వాత కూడా మారుతూ పోయే ఆటలు మిగతా పని పూర్తిచేశాయి.

ఇప్పుడు మిగిలిన అచ్చు గైడ్లలో మేలైనవి పిగ్గీబ్యాక్ అనే సంస్థ వేస్తోంది. 2023లో కొత్త "జెల్డా" ఆటకు కూడా వేసింది. గట్టి అట్ట, మంచి కాగితం. కానీ కొన్నవాళ్లలో చాలామంది దానిమీది ప్లాస్టిక్ కూడా విప్పరు. విప్పితే ధర పడిపోతుందట. నాకు కావలసింది విప్పిన పుస్తకం. సాంబారు మరక ఉన్నా సరే.

ఇంతకీ వీటిని దాచడం ఎందుకన్నది నా మిత్రుడి చివరి ప్రశ్న. 2023లో అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ ఒక లెక్క తేల్చింది. ఆ దేశంలో విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు అంగట్లో దొరకవు. ఆట పోయాక దాన్ని వర్ణించిన వచనం మిగులుతుంది. "స్టార్ వార్స్ గెలాక్సీస్" అని 2003లో వచ్చిన ఆట ఇందుకు సాక్ష్యం. వేలమంది ఒకేసారి, దూరదూరాల నుంచి ఆడేవారు. అందులో ఎవరికి వారు ఇల్లు కట్టుకోవచ్చు, అంగడి పెట్టుకోవచ్చు. 2011 డిసెంబరు 15న కంపెనీ దాన్ని ఆపేసింది. ఊళ్లకు ఊళ్లే మాయమయ్యాయి. ఆ ఆటకు ప్రిమా వేసిన గైడు వచ్చిన కొద్ది నెలలకే పాతబడింది. గైడుగా చూస్తే అది బలహీనమైన పుస్తకమే, నా సమీక్షలో అలాగే రాశాను.

నా ప్రతి కూడా పాతదే. ఒక గ్రహం పటం మీద, అచ్చులో ఏమీ లేనిచోట, మునుపటి సొంతదారు పెన్సిలుతో చిన్న చతురస్రం గీసి పక్కన "మా ఇల్లు" అని రాసుకున్నాడు. కింద ఇంకో చేతిరాతలో ఇంకో చతురస్రం ఉంది, "మాది కూడా" అని.