గేరుపెట్టెలోని నూనె ఎప్పుడు మార్చవలెను?

ఎద్దులబండి కట్టిన దినములలో మన పెద్దలు ఇరుసును చూచుకొనక ఊరు దాటెడివారు కారు. కందెన ఉన్నదో ఎండినదో కంటితో చూచి, వ్రేలితో తాకి తెలిసికొనెడివారు. నేడు ఆ బండి స్థానమున ట్రాక్టరు వచ్చినది. దాని పండ్లచక్రములును బేరింగులును ఇనుపపెట్టెలో మూయబడి యుండుటచే కంటికి కనబడవు. కనబడని దానిని మఱచుట మానవస్వభావము. ఇంజనునూనె మార్చవలెనని రైతులందఱును ఎఱుగుదురు. గేరుపెట్టె మాట వచ్చినప్పుడు మాత్రము, "కొన్ననాటి నూనెయే ఉన్నది, ఏమియు చెడలేదు" అనువారు కొందఱు. దుకాణదారుడు చెప్పినప్పుడెల్ల మార్పించువారు మఱికొందఱు. మొదటివారు యంత్రమును పోగొట్టుకొందురు. రెండవవారు ధనమును పోగొట్టుకొందురు. ఈ రెంటికిని నడుమ సరియైన కాలమును నిర్ణయించుకొను మార్గమును సభ్యులకు తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మేము నేర్చుకొనిన పాఠము

పరోపదేశమునకు ముందు మా తప్పును చెప్పికొనుట న్యాయము. మా సంఘము సభ్యులకు బాడుగకిచ్చుటకై ఒక ట్రాక్టరును ఉంచినది. ఒక సార్వా దమ్ముల కాలమున డ్రైవరు వచ్చి, గేరుపెట్టెలోని నూనె మజ్జిగవలె తెల్లబాఱినదని చెప్పెను. మేము పుస్తకము తెఱచి చూచితిమి. మీటరుమీద 640 గంటలే యుండెను. కంపెనీవారు 1000 గంటలకు మార్చుమనిరి గదా, ఇప్పుడేల ఖర్చు, దమ్ములు ముగిసిన పిమ్మట చూతమని తీర్మానించితిమి. దమ్ములు ముగిసినవి. ట్రాక్టరును పాకలో నిలిపితిమి. పిమ్మట ఆ సంగతి ఎవరికిని జ్ఞాపకము రాలేదు. నీరు కలిసిన ఆ నూనెలోనే బేరింగులు నెలల తరబడి నిలిచి త్రుప్పుపట్టినవి.

దాళ్వాకు దమ్ము మొదలుపెట్టిన నాలుగవ దినమున పెట్టెలో పెద్ద చప్పుడయ్యెను. బండి చేలోనే నిలిచిపోయెను. విప్పి చూడగా ఒక బేరింగు పగిలి, దాని ముక్కలు పండ్లచక్రముల నడుమ పడి రెండు చక్రములను విఱుగగొట్టినవి. మరమ్మతునకు మూడు వారములు పట్టెను. ఆ మూడు వారములలో కొందఱు సభ్యుల కాలువనీటి వంతు దాటిపోయెను. మడిలో నారు ముదిరిపోయెను. ముదిరిన నారు నాటినచో పిలకలు తక్కువగు సంగతి రైతులకు మేము చెప్పనక్కఱలేదు. మరమ్మతు సొమ్మును సంఘము భరించినది. పంటనష్టమును సభ్యులే భరించిరి. డ్రైవరు సరిగానే చెప్పెను. మేమే పుస్తకములోని అంకెను నమ్మి, నూనె చెప్పిన మాటను వినలేదు.

నూనె చేయు పని

ఇప్పటి ట్రాక్టర్లలో పెక్కింటియందు గేరుపెట్టెకును, డిఫరెన్షియలునకును, వెనుక లిఫ్టును ఎత్తు హైడ్రాలిక్కునకును ఒకే నూనె వాడబడును. నూనెలో మునిగియుండు బ్రేకులు గల బండ్లలో ఆ బ్రేకులకును ఇదియే ఆధారము. బండిని బట్టి ఇది సుమారు 30 మొదలు 60 లీటర్ల వరకు పట్టును. ఈ నూనె పండ్లచక్రముల నడుమ పొరగా నిలిచి రాపిడిని తగ్గించును, వేడిని మోసికొనిపోవును, అఱుగుదలవలన రాలిన ఇనుపరజమును ఫిల్టరునకు చేర్చును, త్రుప్పు పట్టకుండ కాపాడును, బరువునెత్తు ఒత్తిడిని తానే మోయును.

ఇన్ని పనులు చేయుటకై నూనెలో కొన్ని రసాయనములు కలుపబడియుండును. అవి పనిచేయుచు పనిచేయుచు తఱిగిపోవును. వేడివలన నూనె గాలితో కలిసి చెడును. వేడి ప్రతి 10 డిగ్రీల సెంటిగ్రేడు పెరుగుటకు నూనె చెడువేగము సుమారు రెండింతలగునని యంత్రశాస్త్రజ్ఞుల స్థూలగణన. కావున నూనె తగ్గకపోయినను దాని సత్తువ తగ్గును. పైన నాలుగు లీటర్లు క్రొత్తది పోసినంతమాత్రమున పాతది క్రొత్తది కాజాలదు.

ఈ నూనె మార్పు కాలమును నిర్ణయించుటకు ముగ్గురు సాక్షులున్నారు. ముగ్గురినీ విచారించిన పిమ్మటనే తీర్పు చెప్పవలెను.

మొదటి సాక్షి: గంటల లెక్క

బండితోపాటు ఇచ్చిన పుస్తకమే దీనికి ప్రమాణము. పెక్కు కంపెనీలవారు ఈ నూనెకు సుమారు 1000 గంటల గడువు విధింతురు. కొన్ని బండ్లకు ఇంతకు తక్కువయు, కొన్నింటికి ఎక్కువయు గలదు. ఫిల్టరునకు గడువు వేఱుగా నుండును. అది నూనెకంటె ముందే వచ్చును. క్రొత్తబండికి మొదటి 50 గంటల పిమ్మట చేయు సేవ మిక్కిలి ముఖ్యము. ఏలయన, క్రొత్త చక్రములు ఒకదానితో ఒకటి ఒదుగుకొనునప్పుడు ఇనుపరజము అధికముగా రాలును. గంటలు నిండకున్నను సంవత్సరములు నిండినచో మార్చవలెనని కొన్ని పుస్తకములలో నుండును. అట్టియెడ ఏది ముందువచ్చిన దానినే పాటింపవలెను.

మీటరు విషయమై ఒక హెచ్చరిక. పాత ట్రాక్టర్లలో గంటల మీటరు ఇంజను తిరుగుడును బట్టి నడచును. ఇంజను నిర్ణీత వేగమున తిరిగినపుడే మీటరు గంట గడియారపు గంటతో సమానమగును. నెమ్మదిగా నడపినచో మీటరు తక్కువ చూపును. మీటరు చెడిపోయినచో డీసెలు లెక్కను ఆధారము చేసికొనవచ్చును. గంటకు సగటున 4 లీటర్లు కాలు బండి 4000 లీటర్లు త్రాగినదనిన, ఇంచుమించు 1000 గంటలు నడచినదని అర్థము.

"నూనె మార్చితిమి" అని డ్రైవరు చెప్పినపుడు ఏ నూనెయని అడుగవలెను. ఇంజనునూనె వేఱు, గేరుపెట్టె నూనె వేఱు. పలు బండ్లకు ఇంజనునూనె గడువు 250 గంటలే. అది నాలుగుమాఱులు మాఱునప్పటికి గేరుపెట్టెనూనె ఒకమాఱు మాఱును. ఈ రెంటిని ఒకటిగా తలచుటచే సంవత్సరముల తరబడి గేరుపెట్టెను ముట్టని బండ్లను మేము చూచితిమి.

రెండవ సాక్షి: చేసిన పని

ఒకే గంటలు నడచిన రెండు బండ్లు ఒకే తీరున అలసిపోవు. మెట్టభూమిలో తేలికగొఱ్ఱు తోలిన బండి వేఱు. దాళ్వా, సార్వా రెండుకాఱులును దమ్ములో దిగిన బండి వేఱు. దమ్ములో ఇరుసుల సీళ్లవరకు బురదనీరు తగులును. సీలు ఏమాత్రము అఱిగినను నీరు లోనికి పోవును. చెఱకు, ఇటుకలు, ఇసుక నిండిన ట్రాలీలను లాగుబండిలో నూనె అధికముగా వేడెక్కును. నల్లరేగడిలో ఎండకాలము రోటవేటరు త్రిప్పు బండికి దుమ్ము శత్రువు. ఊపిరిరంధ్రము మూసికొనినచో లోపలి ఒత్తిడి సీళ్లమీద పడును.

మఱియొక రహస్యమార్గము గలదు. దానిని మేము ఆలస్యముగా తెలిసికొంటిమి. ఎత్తి క్రుమ్మరించు ట్రాలీ ఒకటి పలువురి ట్రాక్టర్లకు తగిలింపబడుచుండును. దాని సిలిండరులోని నూనె ఒకరి బండినుండి మఱియొకరి బండిలోనికి పోవును. ఒకని పెట్టెలోని నీరును మురికియు ఈవిధముగా ఇరుగుపొరుగు బండ్లకు అంటురోగమువలె సోకును. ఇట్టి ట్రాలీలు వాడువారు తఱచుగా నూనెను పరీక్షించుకొనవలెను. గొట్టపు కొనలను తుడిచిన పిమ్మటనే తగిలింపవలెను.

మూడవ సాక్షి: నూనెయే

ఈ సాక్షి అబద్ధమాడదు. పదునైదు దినములకొకమాఱు బండిని సమతలమున నిలిపి, లిఫ్టును దించి, ఇంజను ఆపి, కొంతసేపటికి కొలకడ్డీ తీసి చూడవలెను. మట్టము తగ్గినచో నూనె ఎక్కడనో కాఱుచున్నది. పోయుటకు ముందు కాఱుచోటును వెదకవలెను. ఏమియు పోయకయే మట్టము పెరిగినచో నీరు చేరినదేమోయని అనుమానింపవలెను.

నూనె మజ్జిగవలె తెల్లబాఱినచో నీరు కలిసినది. అనుమానము తీఱుటకు రెండు సులభపరీక్షలు గలవు. గాజుసీసాలో కొంచెము నూనె పట్టి ఒక రాత్రి కదల్పక ఉంచినచో, విడిగానున్న నీరు అడుగున తేఱును. కాగిన పెనముమీద ఒక చుక్క వేసినచో, నీరున్న నూనె చిటపటలాడును. ముఖమును దూరముగా నుంచి చేయవలెను. నీరున్నట్లు తేలినచో గంటల లెక్క చూడక వెంటనే మార్చవలెను. నీరు వచ్చిన దారిని మూయక నూనె మాత్రము మార్చుట, చిల్లికుండలో నీరు పోయుటయే.

నూనె నల్లబడి మాడిన వాసన కొట్టినచో మితిమీఱిన వేడికి లోనైనది. అడుగుబిరడాకు అయస్కాంతమున్న బండ్లలో దానిని చూచుట మఱవరాదు. బూడిదరంగు మెత్తని పిండివంటి రజము సహజమైన అఱుగుదల. చేతికి గ్రుచ్చుకొను ఇనుపపొట్టుగాని ముక్కలుగాని కనబడినచో, నూనె మార్చి ఊరకుండక మెకానిక్కుచే పెట్టె విప్పించి చూపవలెను. గేర్లు అఱచువరకు, లిఫ్టు వణకువరకు వేచియుండుట తగదు; అప్పటికి నష్టము జరిగియే యుండును.

మార్చు విధము

బండి పనిచేసివచ్చి నూనె వెచ్చగా నున్నప్పుడు దింపినచో మురికి నూనెతో కూడ దిగును. చేతులు కాలునంత వేడి మాత్రము ఉండరాదు. అడుగుబిరడాలు ఒకటికి మించి యున్నచో అన్నింటిని తీయవలెను. ఫిల్టరును అప్పుడే మార్చవలెను, లేదా పుస్తకము చెప్పినట్లు శుభ్రపఱచవలెను. డీసెలుతో కడిగి అది లోపల మిగిలినచో క్రొత్తనూనె పలుచనగును.

పుస్తకములో వ్రాసిన రకమునే పోయవలెను. గేర్లకు, హైడ్రాలిక్కునకు, తడిబ్రేకులకు ఉమ్మడిగా పనికివచ్చు నూనెను యూటీటీఓ యందురు. చవుకయని దాని స్థానమున ఇంజనునూనె పోసినచో బ్రేకులు అఱచుటయు, జాఱుటయు సంభవించును. క్రిందికి దింపిన నూనెను బోదెలోను చెఱువుగట్టునను పోయరాదు. వాడిన నూనెను ప్రమాదకరవ్యర్థముగా 2016 సంవత్సరపు కేంద్ర నిబంధనలు పరిగణించినవి. దానిని శుద్ధిచేయుటకు అనుమతి పొందినవారికే చేర్చవలెను.

ఖర్చు విషయము

ఒక్కమాఱు 50 లీటర్లు కొనవలసివచ్చుటచే ఈ ఖర్చు పెద్దదిగా తోచును. కాని 1000 గంటలకు పంచి చూచినచో గంటకు 50 మిల్లీలీటర్లే. ఒక చిన్న టీగ్లాసెడు. అదే గంటలో 45 అశ్వశక్తుల బండి బరువుపనిలో సుమారు 5 లీటర్ల డీసెలు త్రాగును. గేరునూనె లీటరు ధర డీసెలు ధరకు రెండు మూడింతలైనను, ఈ ఖర్చు డీసెలు ఖర్చులో నూటికి రెండు మూడు పాళ్లను మించదు. ఈ రెండుమూడు పాళ్లను ఆదాచేయబోయి మేము మూడు వారముల సేద్యమును పోగొట్టితిమి.

కార్లు గల సభ్యులకును ఒక మాట. స్వయముగా గేరు మార్చుకొను కార్లలోని నూనె జీవితాంతము నిలుచునని కొందఱు చెప్పుదురు. అట్టి గేరుపెట్టెలను తయారుచేయు జర్మనీదేశపు జడ్.ఎఫ్. కంపెనీయే తన పెట్టెలలోని నూనెను 80,000 మొదలు 1,20,000 కిలోమీటర్లకు, లేదా 8 సంవత్సరములకు మార్చుట మంచిదని సలహా ఇచ్చినది. కావున కారునకును పుస్తకము చూచియే, నడిపిన తీరును బట్టియే నిర్ణయింపవలెను.

సంఘములు చేయవలసినది

ప్రతి సంఘమును, ప్రతి ట్రాక్టరు యజమానియు ఒక చిన్న పుస్తకము పెట్టి అందు తేది, గంటలు, చేసిన పని, నూనె రంగు అను నాలుగు గడులు గీచి నింపుకొనవలెను. యంత్రములను కొనదలచిన సంఘములు అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని వ్యవసాయయంత్ర శిక్షణ పరీక్షాసంస్థవంటి సంస్థల పరీక్షానివేదికలను చదివినచో ఉపయోగకరము. డ్రైవర్లను అట్టిచోట శిక్షణకు పంపుట అంతకంటె ఉపయోగకరము.

ప్రతి దమ్ములకాలము ముగిసిన వారము దినములలో గేరునూనె పరీక్షింపవలెనని మా సంఘము తీర్మానము చేసికొన్నది. నూనె తెల్లబాఱినట్లు డ్రైవరు చెప్పినచో కమిటీ సమావేశమునకై వేచియుండక ఆ దినమే మార్పించు అధికారమును కార్యదర్శికి ఇచ్చినది. నష్టపడి చేసికొన్న తీర్మానమిది. తక్కిన సంఘములు నష్టపడకయే ఇట్టి తీర్మానము చేసికొనునని ఆశించుచున్నాము.