ఆర్‌వీలో ఒరెగాన్ తీరం: అపోహలు – వాస్తవాలు

సియాటెల్, పోర్ట్‌లాండ్, బే ఏరియాల్లోని తెలుగు కుటుంబాల్లో వేసవి సెలవులు దగ్గరపడుతుంటే ఆర్‌వీ ప్రయాణం మాట రావడం మామూలైంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే మరీను. పడక, వంటగది, బాత్‌రూమ్ వెంట వస్తాయంటే పెద్దవాళ్లకు సుఖం, పిల్లలకు సరదా. అమెరికా పడమటి తీరాన, ఒరెగాన్‌లో 101వ నంబరు హైవే వెంట సాగే 363 మైళ్ల సముద్రతీరం ఇలాంటి ప్రయాణానికి ఎంతో అనువైన చోటు. అయితే దీని మీద ఆ నోటా ఈ నోటా పాకిన అపోహలూ ఎక్కువే. కొన్ని జేబుకు చిల్లు పెడతాయి, కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. బయల్దేరే ముందే వాటిని వదిలించుకోవడం మంచిది.

అపోహ: ఆర్‌వీ నడపడానికి ప్రత్యేక లైసెన్సు ఉండాలి.

వాస్తవం: అద్దెకు ఎక్కువగా దొరికే క్లాస్ సి బండ్లకు, అంటే డ్రైవర్ తల మీద పడక ఉండే రకానికి, కారు లైసెన్సు చాలు. కాకపోతే కారు నడిపిన చేత్తోనే దీన్నీ నడపకూడదు. మలుపులో బండి వెనక భాగం పక్కకు విసురుతుంది, బ్రేకు వేశాక ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది, గాలి బలంగా వీస్తే ఊగుతుంది. న్యూపోర్ట్‌లోని యాక్వినా బే వంతెన 1936 నాటిది. అప్పటి బండ్లను చూసి కట్టిన అలాంటి వంతెనల మీద నిదానమే మేలు. తీరపు హైవే ఎక్కే ముందు ఖాళీ పార్కింగ్ స్థలంలో ఒక గంట మలుపులు, రివర్సు సాధన చేయండి.

అపోహ: బండి నడుస్తుండగా వెనక పడుకోవచ్చు, టీ పెట్టుకోవచ్చు.

వాస్తవం: ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ. బండి కదులుతున్నంతసేపూ ప్రతి ఒక్కరూ సీటులో కూర్చుని బెల్టు పెట్టుకోవాలి. ఒక్కసారి గట్టిగా బ్రేకు పడితే నిలబడి ఉన్న మనిషి, పొయ్యి మీది గిన్నె ఒకేసారి ముందుకు ఎగిరిపడతాయి. పిల్లల కార్ సీటును ముందుకు తిరిగి ఉన్న సీటుకే బిగించాలి. పక్కకు తిరిగి ఉండే సోఫా దానికి పనికిరాదు. అద్దె మాట్లాడేటప్పుడు పడకలు ఎన్ని అని అడిగి ఊరుకోకుండా, బెల్టు ఉన్న సీట్లు ఎన్నో కూడా అడగండి.

అపోహ: హోటల్ ఖర్చు మిగులుతుంది కాబట్టి చవక.

వాస్తవం: ప్రతిసారీ కాదు. రోజు అద్దెకు తోడు మైళ్ల లెక్కన ఛార్జీ, ఇన్సూరెన్స్, జనరేటర్ వాడకం, క్యాంప్‌గ్రౌండ్ రుసుము పడతాయి. పెట్రోలు లెక్క చూడండి. గ్యాలన్‌కు 8 మైళ్లు ఇచ్చే ఆర్‌వీకి 363 మైళ్లు వెళ్లడానికే 45 గ్యాలన్లు కావాలి. గ్యాలన్‌కు 30 మైళ్లు ఇచ్చే కారుకు 12 చాలు. ఇద్దరే అయితే కారు, హోటలే చవక కావచ్చు. ఆరుగురు కలిసి వెళ్లి, వంట చేసుకుని తింటే లెక్క ఆర్‌వీ వైపు మొగ్గుతుంది.

అపోహ: ఒరెగాన్‌లో పెట్రోలు మనం పోసుకోకూడదు.

వాస్తవం: ఆ కాలం పోయింది. 2023 నుంచి రాష్ట్రమంతటా మన చేత్తో మనం పోసుకోవచ్చు.

అపోహ: నచ్చిన చోట సముద్రం పక్కన ఆపి పడుకోవచ్చు.

వాస్తవం: తీరం వెంట చాలా ఊళ్లలో, స్టేట్ పార్కుల బీచ్‌లలో రాత్రి మకాం నిషిద్ధం. స్టేట్ పార్కుల క్యాంప్‌గ్రౌండ్‌లకు ఆరు నెలల ముందు నుంచే బుకింగ్ తెరుస్తారు, వేసవి శని, ఆదివారాలకు సైట్లు త్వరగా అయిపోతాయి. ఈ పార్కుల్లో ఉత్తరాన ఉన్న ఫోర్ట్ స్టీవెన్స్‌లో 1906లో ఒడ్డెక్కి చిక్కుకుపోయిన పీటర్ ఐర్‌డేల్ ఓడ శిథిలం ఇసుకలో కనిపిస్తుంది. నడిమి తీరాన హనీమన్‌లో ఇసుక దిబ్బలు, మంచినీటి సరస్సులు ఉన్నాయి. దక్షిణాన హారిస్ బీచ్ దగ్గర సముద్రంలోంచి పెద్ద పెద్ద రాళ్లు లేచి నిలబడతాయి. ఏ చోటికి వెళ్లాలో ముందే తేల్చుకుంటే రాత్రిపూట చోటు కోసం వెతుక్కునే అవస్థ ఉండదు.

అపోహ: క్యాంపులో కరెంటు, నీళ్ల కనెక్షన్ (హుకప్) ఉంటే ఇంట్లోలాగే అన్నీ వాడుకోవచ్చు.

వాస్తవం: మామూలుగా దొరికే కరెంటు కనెక్షన్ 30 ఆంపియర్లు, 120 వోల్టులు. అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీకి 1,500, ఇండక్షన్ పొయ్యికి 1,800, రైస్ కుక్కర్‌కు 700 అనుకుంటే మొత్తం 4,000. మూడూ ఒకేసారి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. కూర గ్యాస్ పొయ్యి మీదికి మార్చండి, లేదా అన్నం అయ్యేదాకా ఏసీ ఆపండి.

నీళ్ల సంగతీ అంతే. సింకులో పోసినదంతా గ్రే వాటర్ ట్యాంకులోకి చేరుతుంది. పులుసు జిడ్డు, గంజి అందులో పేరుకుంటే రెండో రోజుకే వాసన మొదలవుతుంది. గిన్నెలను ముందు పేపర్ టవల్‌తో తుడిచి ఆ తర్వాత కడగండి. ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్‌లో మొదట టాయిలెట్ తాలూకు బ్లాక్ వాటర్ వదలాలి, తర్వాత గ్రే వాటర్. అలా చేస్తే రెండోదానితో గొట్టం కొంత శుభ్రపడుతుంది. ఏ నీళ్లయినా నేల మీద వదిలేయడం మాత్రం తప్పు.

అపోహ: జూలైలో వెళ్తే సముద్రంలో హాయిగా స్నానాలు చేయవచ్చు.

వాస్తవం: విశాఖ, బాపట్ల తీరాల అలవాటు ఇక్కడ పనికిరాదు. వేసవిలో ఉత్తరపు గాలులు పైనీటిని తీరానికి దూరంగా నెడతాయి, అడుగునున్న చల్లటి నీరు పైకి వస్తుంది. నడివేసవిలోనూ నీరు 10–13 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. ఆ చలికి చేతులు, కాళ్లు త్వరగా పట్టుతప్పుతాయి. చాలాసేపు చిన్న అలలే వచ్చి, ఉన్నట్టుండి ఒక పెద్ద అల ఇసుక మీద చాలా దూరం దూసుకురావడమూ ఇక్కడ మామూలే. స్నీకర్ వేవ్ అంటారు దాన్ని. ఒడ్డున పడి ఉన్న దుంగల మీద పిల్లలను ఎక్కించకండి. కొద్దిపాటి నీరు చేరినా అంత బరువు దుంగా దొర్లుతుంది. సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగవద్దు. ఈత కావాలంటే హనీమన్‌లోని క్లీవాక్స్ సరస్సుకు వెళ్లండి.

అపోహ: సముద్రం అందరిదీ కాబట్టి పీతలు ఎవరైనా, ఎన్నైనా పట్టుకోవచ్చు.

వాస్తవం: అడుగు నుంచి వచ్చే ఆ చల్లటి నీరే పోషకాలను తెచ్చి ఇక్కడి డంజనెస్ పీతను పోషిస్తుంది. 12 ఏళ్లు, ఆపై వయసున్న ప్రతి ఒక్కరికీ షెల్‌ఫిష్ లైసెన్సు ఉండాలి. మనిషికి రోజుకు 12 మగపీతలే. తిరగేసి చూడండి, పొట్ట మీది మడత సన్నగా ఉంటే మగది, వెడల్పుగా ఉంటే ఆడది. డొప్ప అడ్డం కొలత అంచు ముళ్లు వదిలేసి 5¾ అంగుళాలు ఉండాలి. ఆడవాటిని, చిన్నవాటిని అక్కడే నీళ్లలోకి వదిలేయాలి. రేపటి పీతలు వాటి నుంచే రావాలి.

పులుసు పెట్టేవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. కొన్ని కాలాల్లో డొమోయిక్ ఆమ్లం అనే విషం పీత లోపలి భాగాల్లో చేరుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. బయల్దేరే రోజు రాష్ట్ర అధికారుల హెచ్చరికలు చూసుకోండి. డొప్ప తీసి, లోపలి భాగాలన్నీ పారేసి, కడిగాకే చింతపండు పులుసులో వేయండి.

అపోహ: శాకాహారులకు ఈ తీరాన ఏమీ దొరకదు.

వాస్తవం: 1909లో పాడిరైతులు సహకార సంఘంగా ఏర్పడిన టిల్లమూక్‌లో చీజ్ తయారీని కళ్లారా చూడవచ్చు, ఐస్‌క్రీమ్ తినవచ్చు. ఒరెగాన్‌లోనే అభివృద్ధి చేసి 1956లో విడుదల చేసిన మేరియన్‌బెర్రీతో చేసే పై పుల్లపుల్లగా, తియ్యగా ఉంటుంది. మాంసాహారులకూ ఒక మాట: గుల్లలతో చేసే క్లామ్ చౌడర్ సూప్‌లో తరచూ బేకన్ కూడా వేస్తారు. చేప తిని పంది మాంసం తిననివాళ్లు అడిగి తీసుకోవాలి.

అపోహ: రెండు మూడు రోజుల్లో తీరమంతా చుట్టేయవచ్చు.

వాస్తవం: 101 హైవే ఊళ్ల నడుమ నుంచే వెళ్తుంది, వేగం గంటకు 25–35 మైళ్లకు పడిపోతుంది. వెళ్లడం వెళ్లొచ్చు గానీ, చూసేది రోడ్డే. రెండు క్యాంప్‌గ్రౌండ్‌లు ఎంచుకుని, ఒక్కోచోట కనీసం రెండు రాత్రులు ఉండండి.

అపోహ: ఆర్‌వీ లేనివాళ్లకు, డబ్బు లేనివాళ్లకు ఈ తీరం అందదు.

వాస్తవం: 1913లో గవర్నర్ ఆస్వాల్డ్ వెస్ట్ హయాంలో అలల తడి తగిలే ఇసుకను ప్రజల రహదారిగా చట్టం ప్రకటించింది. తర్వాత కెనాన్ బీచ్‌లో ఒక మోటెల్ పొడి ఇసుకకు కంచె వేసుకుంటే జనం ఊరుకోలేదు. 1967లో గవర్నర్ టామ్ మెకాల్ సంతకంతో వచ్చిన బీచ్ బిల్లు, మొక్కలు మొలిచే గీత వరకు పొడి ఇసుక మీద కూడా ప్రజల హక్కును నిలబెట్టింది. ఆర్‌వీ లేకపోతే గుడారం వేసుకోవచ్చు, చాలా స్టేట్ పార్కుల్లో అద్దెకు దొరికే యర్ట్ అనే గుండ్రటి గుడారపు గదిలో ఉండవచ్చు. పట్టుబట్టి జనం కాపాడుకున్న తీరం అది. పార్కు నియమాలు పాటించి, చెత్త వెంట తెచ్చుకుని, వాళ్లు మనకు మిగిల్చినట్టే తర్వాత వచ్చేవాళ్లకు మనమూ మిగల్చాలి.