వార్తల్లో పదం: ఫెదరింగ్

చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టిన వారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అరచెయ్యి గాలికి అడ్డంగా ఉంటే వెనక్కి తోసేస్తుంది. అంచు తిప్పితే గాలి చీలిపోతుంది. ప్రొపెల్లర్ రెక్కలను అలా అంచు ఎదురుగా వచ్చేలా తిప్పడమే ఫెదరింగ్. ఇంజిన్ ఆగిపోయినప్పుడు ఇది ప్రాణాలు కాపాడుతుంది. ఆగిన ప్రొపెల్లర్ గాలికి అడ్డుపడి విమానాన్ని పక్కకు లాగకుండా చూస్తుంది.

నడుస్తున్న ఇంజిన్‌కు చేస్తే మాత్రం ముందుకు తోసే బలమే పోతుంది. 2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో జరిగింది అదే. యెతి ఎయిర్‌లైన్స్ ఏటీఆర్-72 దిగబోతుండగా, పైలట్ చెయ్యి ఫ్లాప్స్ మీటకు బదులు దాని పక్కనున్న, ప్రొపెల్లర్లను ఫెదర్ చేసే కండిషన్ లివర్ల మీద పడింది. రెండు ఇంజిన్లూ తిరుగుతూనే ఉన్నాయి, శక్తి మాత్రం లేదు. విమానం ఎడమకు ఒరిగి లోయలో కూలింది. ఐదుగురు భారతీయులు సహా అందులోని 72 మందీ చనిపోయారు.

పొరపాటు ఒక చేతిదే అనుకోవడం అన్యాయం. అది రెండు వారాల కిందటే తెరిచిన విమానాశ్రయం. దిగే దారి కొత్తది, పని ఒత్తిడి ఎక్కువ. ఏ మీట కదిపామో ఇద్దరు పైలట్లూ సరిచూసుకోలేదు.