మంజూరు వేరు, జమ వేరు

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ మొదలైందంటే చాలా ఇళ్లలో ఒకటే మాట: "మావాడికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా?" వస్తుందనో రాదనో ఒక్క ముక్కలో తేల్చేస్తుంటాం. నిజానికి అడగాల్సినవి మూడు. ఎంత వస్తుంది, ఎవరి ఖాతాలో పడుతుంది, ఎప్పుడు పడుతుంది? మొదటి రెండింటికీ జీవోల్లో జవాబుంది. మూడోదానికి లేదు. కుటుంబాలు ఇబ్బంది పడేదీ అక్కడే.

ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లోనే మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ పేరుతో దాన్ని చాలా పెద్దది చేసింది. బీసీలతో పాటు ఇతర పేద వర్గాల్లోనూ అర్హులైన వాళ్లందరి ఫీజూ తానే భరిస్తానంది. కూలి పనులకెళ్లే వాళ్ల పిల్లలు ఇంజనీరింగ్‌లో చేరగలిగారంటే ఆ పథకం చలవే. ప్రభుత్వం కడుతుందన్న ధీమాతో వసతుల్లేని కాలేజీలు ఊరి బయట పొలాల్లో లేచాయంటే అదీ దాని పుణ్యమే.

ఇక ఎంత? ఇందులో రెండు భాగాలున్నాయి. ట్యూషన్ ఫీజుకిచ్చేది ఆర్‌టీఎఫ్, తిండికీ వసతికీ ఇచ్చేది ఎంటీఎఫ్. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు కన్వీనర్ కోటా ఇంజనీరింగ్ ఫీజు మొత్తం ప్రభుత్వమే చెల్లిస్తుంది. బీసీ విద్యార్థికి ర్యాంకు పదివేల లోపుంటే మొత్తం వస్తుంది. పదివేలు దాటితే, కొన్ని మినహాయింపులు పోను, గరిష్ఠంగా 35,000 రూపాయలే. కాలేజీ ఫీజు లక్ష అనుకోండి, మిగతా 65,000 ఇంటి నుంచే కట్టాలి. నాలుగేళ్లకు 2,60,000. రీయింబర్స్‌మెంట్ ఉందంటే చదువంతా ఉచితమేననుకుని చేరిన కుటుంబాలకు ఈ లెక్క మొదటి ఏడాది మధ్యలో గానీ తెలిసిరాదు. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఆ కాస్తా ఉండదు.

ఆదాయ పరిమితి సంగతి మరీ విచిత్రం. ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి రెండున్నర లక్షలు. తెలంగాణలో బీసీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. భార్యాభర్తలిద్దరూ రోజుకు నాలుగొందల చొప్పున నెలకు పాతిక రోజులు కూలికి వెళ్తే నెలకు ఇరవై వేలు, ఏడాదికి 2,40,000. అంటే నికరంగా లెక్క కడితే తెలంగాణ పల్లెలో కూలి చేసుకునే బీసీ జంట కూడా అనర్హులే! అందుకే తహసీల్దారు ఆఫీసు నుంచి వచ్చే ఆదాయ ధ్రువపత్రం మీద అంకె పరిమితికి కాస్త కిందే ఆగుతుంది. అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. పరిమితి పెంచితే ఈ నాటకం అక్కర్లేదు.

డబ్బు ఎవరికివ్వాలన్న దాని మీద ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద మార్పులే జరిగాయి. జగనన్న విద్యా దీవెన పేరుతో ఫీజును తల్లుల ఖాతాల్లో వేశారు, వాళ్లు వెళ్లి కాలేజీలో కట్టేవారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ నేరుగా కాలేజీల ఖాతాలకే పంపాలని నిర్ణయించారు. తల్లి చేతికిస్తే కాలేజీని నిలదీయగలదన్నది ఒక వాదన. ఇంటి అవసరాలకు ఖర్చయిపోతుందన్నది కాలేజీల వాదన. నన్నడిగితే, వేళకు రాని డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్నది రెండో విషయం.

వేళకు ఎందుకు రాదు? తెలంగాణలో నడిచే దారి చూడండి. ఈపాస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టాలి, వేలిముద్ర వేయాలి, కాలేజీ కాగితాలను సంక్షేమ శాఖకు పంపాలి. అక్కడ పరిశీలన అయ్యాక తెర మీద మంజూరైందని కనిపిస్తుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ అప్పటికి కదిలింది కాగితమే. ఆ తర్వాత బిల్లు ట్రెజరీకి వెళ్తుంది, దానికో టోకెన్ నంబరు పడుతుంది. ఆర్థిక శాఖ నిధులు విడుదల చేసేదాకా ఆ టోకెన్ అక్కడే ఉంటుంది. ప్రతి నెలా జీతాలు, పింఛన్లు, అప్పుల మీద వడ్డీలు ముందు వరసలో నిలబడతాయి. అవి ఆగితే ఆ వారమే గొడవ. ఫీజు బిల్లు ఆగితే గొడవ రావడానికి ఏడాది పడుతుంది, అందుకే అది వెనక్కి పోతుంది. ఆ గొడవ 2025 నవంబరులో వచ్చింది. బకాయిల కోసం తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి.

కాలేజీకి బాకీ పడింది ప్రభుత్వం. దొరికేది మాత్రం విద్యార్థి. ఫైనలియర్ పరీక్షలు రాసి, ఉద్యోగానికి ఒరిజినల్ మెమోలు కావాలని కాలేజీ ఆఫీసుకు వెళ్తే, "మీ రీయింబర్స్‌మెంట్ ఇంకా రాలేదమ్మా, కట్టి తీసుకెళ్లండి, వచ్చాక మీకే ఇస్తాం" అంటారు. చేసేది లేక కొందరు అప్పు తెచ్చి కడతారు. తర్వాత ప్రభుత్వ డబ్బు కాలేజీకి వచ్చినా, అప్పటికి ఊరు వదిలి వెళ్లిపోయిన విద్యార్థికి ఆ కబురు చేర్చేవాళ్లుండరు.

ఎంటీఎఫ్ ఆగిపోవడానికి ఇంకో చిన్న కారణముంది. ఆధార్‌ను చివరిగా ఏ బ్యాంకు ఖాతాకు జతచేశారో డబ్బు అక్కడికే పోతుంది. దరఖాస్తులో రాసిన ఖాతా ఒకటి, ఆధార్ జతపడింది ఎప్పుడో తెరిచి మరిచిపోయిన మరొకటి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉన్నా దరఖాస్తు ముందుకు సాగక తంటా. ఈ రెండూ ఇంటర్ సెలవుల్లోనే సరిచూసుకుంటే మంచిది.

చేరే రోజు ఇంకో పని కూడా చేయండి. ఫీజులో ప్రభుత్వం ఇచ్చేదెంత, మనం కట్టేదెంత, హాస్టలూ బస్సూ పరీక్ష ఫీజులు ఎంత అన్నది విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. రీయింబర్స్‌మెంట్ రాలేదని ముందే కట్టించుకుంటే, రసీదు మీద ఆ డబ్బు ఏ ఏడాది ట్యూషన్ ఫీజు కిందో రాయమని అడగండి. రేపు ప్రభుత్వం డబ్బు వచ్చినప్పుడు వాపసు అడగడానికి ఆ రసీదే ఆధారం. ఒరిజినల్స్ అట్టిపెట్టుకుంటే, అలా చేయకూడదని యూజీసీ 2018లోనే ఇచ్చిన ఆదేశాలున్నాయి. వాటిని ప్రస్తావిస్తూ ప్రిన్సిపాల్‌కు ఒక అర్జీ, జిల్లా సంక్షేమాధికారికి ఇంకోటి రాతపూర్వకంగా ఇచ్చి, రెండింటి మీదా అందినట్టు ముద్ర వేయించుకోండి.