షేరు ధర నిమిషానికోలా ఎందుకు మారుతుంది?

షేరంటే కంపెనీలో చిన్న వాటా. దాని మీద ఎమ్మార్పీ ముద్రించి ఉండదు. మరి ధర ఎలా తేలుతుంది?

ముంబైలోని నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (ఎన్‌ఎస్‌ఈ) కంప్యూటర్లలో ఒక్కో షేరుకు రెండు వరుసలుంటాయి. ఉదాహరణకు, కొంటామనేవాళ్లు 499, 498 రూపాయలంటున్నారు. అమ్ముతామనేవాళ్లు 500, 502 అంటున్నారు. బేరం కుదరలేదు కదా! ఇంతలో ఎవరో ‘సరే, 500 ఇస్తా’ అన్నారనుకోండి, క్షణంలో షేరు చేతులు మారుతుంది. టీవీ తెర కింద పరుగెత్తే అంకె ఇదే, ఆఖరి బేరం ధర. ఇద్దరు ఒకే ధర చెబితే ముందు అడిగినవారిదే వంతు.

కంపెనీకి లాభాలొస్తాయనిపిస్తే కొనేవాళ్లు ఎగబడతారు, ధర ఎక్కుతుంది. ఒట్టి పుకారుకీ ఎక్కుతుంది, అదే చిక్కు! మామూలు పనిదినాల్లో బేరాలు ఉదయం 9.15 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా సాగుతాయి. కొన్న షేరు మర్నాటి పనిదినానికి, షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతాలో చేరుతుంది. 18 ఏళ్లు నిండకపోతే ఆ ఖాతాను మీ తరఫున పెద్దవాళ్లే నడపాలి.